వెన్నుపామును బిగించే ఫ్లోరైడ్

ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారిలో కొందరికి వెన్నెముక లోపలి దారి సన్నబడి, అందులోంచి దిగే వెన్నుపాము నొక్కుకుపోతుంది. వైద్యులు దీన్ని ఫ్లోరోటిక్ మైలోపతీ అంటారు. ఫ్లోరోసిస్ అనగానే తెలుగువాళ్లకు నల్లగొండ గుర్తొస్తుంది, గారపళ్లు, వంకర తిరిగిన కాళ్లు, వంగిపోయిన నడుములు కళ్ల ముందు కదులుతాయి. వెన్నుపాముకు వచ్చే ఈ జబ్బు పేరు మాత్రం ఊళ్లలోనే కాదు, చిన్న ఆసుపత్రుల్లో కూడా అరుదుగా వినబడుతుంది. ఎముకల ఫ్లోరోసిస్ వచ్చినవారిలో సుమారు పదిమందిలో ఒకరికే నరాల చిక్కులు వస్తాయని వైద్యుల అంచనా. ఫ్లోరోసిస్ రోగిని మంచానికి అంటిపెట్టేది ఎక్కువగా ఈ చిక్కులే. పట్టించుకోవాల్సిన కారణం మరొకటి ఉంది. కాళ్లు బిగుసుకోవడం మొదలైన తొలి నెలల్లో కనిపెడితే మనిషి నడకను చాలావరకు కాపాడవచ్చు. ఏళ్లు గడిచాక కనిపెడితే ఏ శస్త్రచికిత్సా పోయిన నడకను పూర్తిగా తెచ్చివ్వలేదు.

నల్లగొండ పొరుగున ఉన్న తొర్రూరునే తీసుకుందాం. అది పాత వరంగల్ జిల్లాలోది, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే రోడ్డు మీది ఊరు ఇది. ఇక్కడికి పొరుగునే ఉన్న తుంగతుర్తి ప్రాంతం ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్నా, నిన్నమొన్నటి దాకా నల్లగొండ జిల్లాదే. ఫ్లోరోసిస్‌ను నల్లగొండ సమస్యగానే చెప్పుకునే అలవాటు వల్ల పక్క జిల్లాల వాళ్లు అది తమది కాదనుకుంటారు. జిల్లాల సరిహద్దులు కాగితం మీదివి. ఈ నేల కింద పరుచుకున్న గ్రానైట్, నైస్ రాళ్లకు అవి తెలియవు.

ఫ్లోరైడ్ ఆ రాళ్లలోంచే వస్తుంది. గ్రానైట్‌లో ఉండే ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్, హార్న్‌బ్లెండ్ వంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ బంధమై ఉంటుంది. వాన నీరు పగుళ్లలోకి దిగి, ఏళ్ల తరబడి ఆ రాయిని ఒరుసుకుంటూ నిలిచిపోతే ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌తో కలిసి కరగని పదార్థంగా మారి అడుగున చేరుతుంది, ఫ్లోరైడ్ హద్దులో ఉంటుంది. కాల్షియం తక్కువై, సోడియం, బైకార్బొనేట్లు ఎక్కువై నీరు క్షారగుణానికి తిరిగితే ఆ అడ్డు తొలగిపోతుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ అయిన మెట్ట ప్రాంతాల్లో జరిగేది ఇదే. చెరువులు పూడి, ఊటబావులు ఎండి, బోర్లు వందల అడుగుల లోతుకు వెళ్లినకొద్దీ రాతితో ఎక్కువ కాలం కాపురం చేసిన నీరే జనం కడవల్లోకి వచ్చింది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తాగేవాడికి రుచిలో తేడా తెలిసే అవకాశమూ దాదాపు లేదు.

ఎంత ఎక్కువైతే ప్రమాదం? ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 1.5 మిల్లీగ్రాములను హద్దుగా పెట్టింది. భారత ప్రమాణాల సంస్థ 1 మిల్లీగ్రాము దాటకూడదంటూ, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటుంది. అయితే లీటరు లెక్క ఒక్కటే చాలదు, రోజుకు మనిషి తాగేది ఎంతో చూడాలి. మే నెల ఎండలో కూలికి వెళ్లే మనిషి రోజుకు అయిదు లీటర్ల నీళ్లు సులువుగా తాగుతాడు. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లయితే ఒంట్లోకి 20 మిల్లీగ్రాములు వెళ్లినట్టే, వంటలో కలిసింది దీనికి అదనం. రోజుకు మొత్తం 14 మిల్లీగ్రాములు లోపలికి వెళ్తే ఎముకలకు హాని స్పష్టమని, 6 మిల్లీగ్రాములు దాటినప్పటి నుంచే అనుమానించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చల్లని దేశంలో నీడపట్టున పనిచేసేవాడికి వేసిన లెక్కతో పొలంలో నాట్లు వేసే మనిషిని కొలవలేం.

ఫ్లోరోసిస్‌ను భారతదేశంలో మొదట గుర్తించింది తెలుగు నేల మీదనే. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్ తదితరులు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ గురించి ప్రకటించిన అధ్యయనం అప్పటి నెల్లూరు జిల్లాలో ఉండి, తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి ప్రాంతాల పల్లెల మీద చేసినది. నీటిలోని ఫ్లోరైడే పంటి మచ్చలకు కారణమని అమెరికాలో తేలింది 1931లో. ఆ తర్వాతి ఏడాది డెన్మార్క్‌లో క్రయోలైట్ అనే ఫ్లోరిన్ ఖనిజాన్ని పిండిచేసే కర్మాగారపు కార్మికుల ఎముకల్లో మార్పులు బయటపడ్డాయి. అక్కడ దుమ్ము పీల్చిన కార్మికులు కొద్దిమందే. ఇక్కడ ఊళ్లకు ఊళ్లే బావి నీళ్లతో ఆ స్థితికి చేరాయి. 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1960ల తొలినాళ్లలో పంజాబ్‌లో అమర్‌జీత్ సింగ్, జాలీ ఈ జబ్బు నరాల మీద చేసే దెబ్బను వివరంగా నమోదుచేశారు. తెలుగునాట ఆ పనిని దశాబ్దాల పాటు చేసింది న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రికి సంచాలకుడిగా కూడా పనిచేసిన ఆయన, ఫ్లోరోసిస్ రోగుల వెన్నుపాము ఎక్కడెక్కడ ఎలా నొక్కుకుంటుందో, ఆపరేషన్ ఎవరికి ఎంత మేలు చేస్తుందో తాను చూసిన రోగుల ఆధారంగా రాసిన వ్యాసాలను వైద్యులు నేటికీ ఉదాహరిస్తారు.

ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్‌లో చాలా భాగం కడుపులోంచి, పేగుల్లోంచి త్వరగానే రక్తంలో కలుస్తుంది. పెద్దవాళ్లలో అందులో సుమారు సగం మూత్రంలో పోతుంది, మిగతా సగం ఎముకల్లో చేరుతుంది. ఎదిగే పిల్లల్లో ఎముకలు పట్టుకునే వాటా ఇంకా ఎక్కువ. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారిలో కూడా అంతే, బయటికి పోయేది తగ్గి లోపల నిలిచేది పెరుగుతుంది. శరీరంలో ఉండే ఫ్లోరైడ్‌లో నూటికి 99 పాళ్లు ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. ఎముకకు గట్టిదనాన్ని ఇచ్చే హైడ్రాక్సీ అపటైట్ స్ఫటికంలో హైడ్రాక్సిల్ ఉన్న చోటును ఫ్లోరైడ్ ఆక్రమించి దాన్ని ఫ్లోరో అపటైట్‌గా మారుస్తుంది. ఈ కొత్త స్ఫటికం తేలిగ్గా కరగదు. ఆరోగ్యంగా ఉన్న ఎముకలో పాతదాన్ని కరిగించే కణాలూ కొత్తదాన్ని కట్టే కణాలూ జంటగా పనిచేస్తుంటాయి. ఫ్లోరైడ్ కట్టే కణాలను ఉసిగొల్పుతుంది, కరిగించే కణాలకు పని కష్టం చేస్తుంది. దాంతో ఎముక దట్టమవుతుంది, బరువెక్కుతుంది, అంచుల వెంట ముళ్లలా మొలుచుకొస్తుంది.

దట్టమైన ఎముక బలమైన ఎముక కాదని తేల్చిన ప్రయోగం ఒకటి ఉంది. ఎముకలు గుల్లబారిన స్త్రీలకు సోడియం ఫ్లోరైడ్ మందుగా పనికొస్తుందేమోనని అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 202 మందిని తీసుకుని నాలుగేళ్లు పరీక్షించి 1990లో ఫలితాలు ప్రకటించారు. మందు తీసుకున్నవారి నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం మాత్రం తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం ఎక్కువైంది. ఫ్లోరైడ్ కట్టే ఎముకకు సాంద్రతే తప్ప సరైన అల్లిక ఉండదు.

వెన్నుపాముకు ముప్పు ఎముకతో పాటు లిగమెంట్ల వల్ల కూడా వస్తుంది. ఎముకను ఎముకతో కట్టి ఉంచే ఈ మెత్తని, సాగే పట్టీలు ఫ్లోరోసిస్‌లో సున్నం పట్టి క్రమంగా ఎముకగానే మారిపోతాయి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర, కటిభాగంలోని పట్టీలు, పక్కటెముకల చివర్లు, వెన్నుపూసల చుట్టూ ఉన్న పట్టీలు, అన్నింటికీ ఇదే గతి. ఛాతీ ఎముకలు బిగిస్తే ఊపిరి నిండుగా పీల్చడం కష్టమవుతుంది. నడుము, మెడ బిగిస్తే మనిషి పక్కకు చూడాలన్నా ఒళ్లంతా తిప్పాల్సి వస్తుంది.

మెదడు అడుగు నుంచి నడుము పైభాగం దాకా సుమారు 45 సెంటీమీటర్ల పొడవున, చిటికెన వేలంత మందాన వెన్నుపాము దిగుతుంది. దాని నుంచి 31 జతల నరాలు చీలి చేతులకు, మొండేనికి, కాళ్లకు వెళ్తాయి. అది ప్రయాణించే కాలువ మెడ దగ్గర ముందు నుంచి వెనక్కి దాదాపు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. కాలువ ముందు గోడ మీద ఒక పొడవాటి పట్టీ, వెనక గోడ మీద లిగమెంటమ్ ఫ్లేవమ్ అనే పసుపు పట్టీ ఉంటాయి. ముందు పట్టీ ఎముకై ముందు నుంచి, పసుపు పట్టీ ఎముకై వెనక నుంచి జరుగుతూ వస్తే, ఉప్పునీళ్ల బోరు పైపు లోపల గార పేరుకుని దారి సన్నబడినట్టు కాలువ ఇరుకవుతుంది. 13 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఇరుకు కింద లెక్క, 10 కంటే తగ్గితే తీవ్రమైన ఇరుకు. వెన్నుపాము ఎక్కువగా మెడ దగ్గర, ఆ తర్వాత వీపు పైభాగంలో నలుగుతుంది. వీపు భాగంలో కాలువ పుట్టుకతోనే ఇరుకు, అక్కడ వెన్నుపాముకు అందే రక్తం కూడా తక్కువే. అందుకే అక్కడ కొద్దిపాటి ఒత్తిడి కూడా కాళ్లను పడగొడుతుంది.

ఇదంతా జరగడానికి మామూలుగా పది, ఇరవై ఏళ్లు పడుతుంది. నీటిలో ఫ్లోరైడ్ చాలా ఎక్కువైతే ఆ గడువు తగ్గుతుంది. బరువులెత్తే పని చేసేవారిలో, అందులోనూ మగవారిలో వెన్నుపాము చిక్కులు ఎక్కువగా కనబడ్డాయి. పోషకాహారం చాలనివారిలో, ముఖ్యంగా కాల్షియం తక్కువగా తినేవారిలో ఎముకల జబ్బు ముదురుతుంది. ఒకే బావి నీళ్లు తాగిన రెండిళ్లలో ఒక ఇంటికి వచ్చి మరో ఇంటికి రాకపోవడానికి ఇలాంటి తేడాలు కారణమవుతాయి. పేద ఇంటికి దెబ్బ రెండింతలు.

మొదటి ఏళ్లలో ఉండేవి నొప్పులు మాత్రమే. నడుము పట్టేస్తుంది, పొద్దున లేవగానే కీళ్లు కదలవు, మెడ తిప్పితే నొప్పి. ఊళ్లో దీన్ని వాతమంటారు, వయసు మీదపడిందంటారు. ఆర్‌ఎంపీ డాక్టరు నొప్పి సూది వేస్తాడు, నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, మళ్లీ మొదలు. ఈ దశలో పరికరాలేవీ లేకుండా ఇంట్లోనే చేసి చూడదగిన మూడు పనులున్నాయి. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్లు తాకగలగాలి, గడ్డాన్ని ఛాతీకి ఆనించగలగాలి, రెండు చేతులూ ఎత్తి తల వెనక పెట్టుకోగలగాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊరి మనిషికి నలభై ఏళ్లకే ఇవి చేతకాకపోతే ఎముకల ఫ్లోరోసిస్‌ను అనుమానించాలి.

వెన్నుపాము నలుగుతోందని చెప్పే గుర్తులు వేరు, ఈ వ్యాసంలో మరే మాట మరిచినా ఇవి మరవకూడదు. మొదట వచ్చేది కాళ్ల బిగుసుదనం. నొప్పి ఉండకపోవచ్చు, కాళ్లు మాట వినడం లేదనిపిస్తుంది. పొలం ఒడ్డు మీద నడిచేటప్పుడు తూలు వస్తుంది, చీకట్లో అది ఎక్కువవుతుంది. కాలి చెప్పు జారిపోతుంది. జారుతున్నట్టు తెలిసినా వేళ్లతో పట్టుకోలేకపోతే అది బలం తగ్గడం. జారిన సంగతే తెలియక నాలుగడుగులు వేశాక వెనక్కి చూసుకుంటే స్పర్శ తగ్గడం. ఈ చిన్న తేడాను రోగి చెప్పగలిగితే వైద్యుడికి సగం పరీక్ష అయినట్టే. అరికాళ్లు మొద్దుబారి నేల దూది మీద నడిచినట్టు ఉందని కొందరంటారు. మెడ దగ్గర ఒత్తిడి ఉంటే చేతులకూ పాకుతుంది: చొక్కా గుండీలు పెట్టుకోవడం, అన్నం కలిపి ముద్ద చేయడం, పత్తి తీయడం మెల్లగా కష్టమవుతాయి. మెడ ముందుకు వంచినప్పుడు వెన్నులోంచి కాళ్ల దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమనవచ్చు. ఛాతీ చుట్టూనో పొట్ట చుట్టూనో పట్టీ బిగించినట్టు ఉండటం వీపు భాగంలో ఒత్తిడికి గుర్తు. మూత్రం వచ్చినట్టయి ఆపుకోలేకపోవడం, లేదా కూర్చున్నాక ఎంతసేపటికీ రాకపోవడం జబ్బు ముదిరిందని చెప్పే సంకేతం. సిగ్గుతో చాలామంది ఈ చివరి మాట వైద్యుడికి చెప్పరు, ఆడవాళ్లయితే ఇంట్లో కూడా చెప్పరు.

పళ్లు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి ఫ్లోరోసిస్ కాదనుకోవడం తప్పు. పంటి మీద గార పడేది పింగాణీ పొర తయారయ్యే ఎనిమిదేళ్ల లోపు వయసులో ఫ్లోరైడ్ నీళ్లు తాగితేనే. మంచినీళ్ల ఊళ్లో పుట్టి ఫ్లోరైడ్ ఊరికి కోడలిగా వచ్చిన స్త్రీకి, బతుకుతెరువు కోసం వచ్చి స్థిరపడిన మనిషికి పళ్లు తెల్లగానే ఉంటాయి. వాళ్ల ఎముకలు మాత్రం ఆ ఊరి నీళ్లనే నిల్వచేసుకుంటాయి. గారపళ్లున్న ప్రతివారికీ వెన్నుపాము జబ్బు వస్తుందనుకోవడం కూడా అంతే తప్పు, వాళ్లలో అత్యధికులకు అది ఎన్నటికీ రాదు.

ప్రమాదకరమైన మలుపు ఇంకొకటి. ఇరుకైన కాలువలో వెన్నుపాము ఏళ్ల తరబడి సర్దుకుని ఉంటుంది. అప్పుడు చిన్న దెబ్బ చాలు. బండి మీద నుంచి జారిపడటం, బాత్రూంలో కాలు జారడం, తాటిచెట్టు దిగుతూ పట్టు తప్పడం, మామూలు మనిషి దులుపుకుని లేచే పాటి దెబ్బకే కాళ్లూ చేతులూ ఒక్కసారిగా పడిపోవచ్చు. మెడ బిగుసుకుందని నాటువైద్యుడి దగ్గరికో, క్షవరం చేసేవారి దగ్గరికో వెళ్లి మెడ విరిపించుకోవడం ఇలాంటివారికి ప్రాణాంతకం. తల మీద గడ్డిమోపులు, బస్తాలు మోయడం కూడా మానాలి. మరేదైనా జబ్బుకు ఆపరేషన్ చేయాల్సి వచ్చినా మత్తు డాక్టరుకు మెడ బిగుసుదనం గురించి ముందే చెప్పాలి, బిగిసిన మెడలో శ్వాసగొట్టం వేయడం కష్టం.

కాళ్లు పడిపోయిన ప్రతి కేసూ ఫ్లోరైడ్ ఖాతాలో రాయకూడదు. ఫ్లోరైడ్ ప్రాంతమనే ముద్ర ఉన్న చోట ఈ పొరపాటుకు అవకాశం ఎక్కువ, దాని వల్ల నయమయ్యే జబ్బులు నయం కాకుండా మిగిలిపోతాయి. వెన్నెముకకు వచ్చే క్షయ మన దేశంలో చాలా ఎక్కువ, మందులతో తగ్గుతుంది. విటమిన్ బి12 లోపం వెన్నుపామును దెబ్బతీసి ఇలాగే తూలు, మొద్దుబారడం తెస్తుంది, సూదిమందుతో కుదురుతుంది. డిస్కు జారడం, కంతులు, వెన్నుపాము వాపు, వెన్నుపాము మధ్యలోనే నీటితిత్తి ఏర్పడే సిరింగోమైలియా, ఇవన్నీ కాళ్లను బిగిస్తాయి. సిరింగోమైలియాలో చేతికి వేడి తెలియక కాలిన మచ్చలు పడటం ఒక ఆనవాలు. ఖేసరి పప్పు ఎక్కువ కాలం ప్రధాన ఆహారంగా తిన్నవారికి వచ్చే లేథిరిజంలోనూ కాళ్లు కత్తెరలా పడతాయి, స్పర్శ మాత్రం చెడదు.

ఫ్లోరోసిస్‌ను తేల్చే పరీక్ష ఖరీదైనది కాదు. ముంజేతికి ఒక ఎక్స్‌రే తీస్తే రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి రంపపు పళ్లలా కనబడుతుంది. కటిభాగం, వెన్నెముక ఎక్స్‌రేలో ఎముకలు మామూలు కంటే తెల్లగా, సుద్దముక్కలా కనిపిస్తాయి. మూత్రంలో, తాగే నీటిలో ఫ్లోరైడ్ కొలిస్తే ఆధారం బలపడుతుంది. నీళ్లు మార్చుకుని చాలాకాలమైనవారిలో మూత్రం లెక్క తగ్గి ఉండవచ్చు, దాన్ని బట్టి జబ్బు లేదని తేల్చేయకూడదు. వెన్నుపాము ఎక్కడ ఎంత నలిగిందో చూపేది ఎంఆర్ఐ. ఏ పట్టీ ఎంత మేర ఎముకగా మారిందో సీటీ స్కాన్‌లో తేటగా తెలుస్తుంది, ఆపరేషన్ చేయాలంటే ఈ రెండూ అవసరం. తొర్రూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఎక్స్‌రే, మోకాలి కింద సుత్తితో కొట్టి చూసే పరీక్ష, అరికాలు గీసి బొటనవేలు పైకి లేస్తుందేమో చూసే పరీక్ష, వీటితోనే అనుమానం దృఢపడుతుంది. సుత్తి దెబ్బకు కాలు మామూలు కంటే గట్టిగా ఎగిరినా, బొటనవేలు పైకి లేచినా జబ్బు వెన్నుపాములోనో మెదడులోనో ఉందని అర్థం. ఆపైన వరంగల్ ఎంజీఎం, హైదరాబాద్‌లోని గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఉన్నాయి. నరాలు, వెన్నెముక ఆపరేషన్లు ఆరోగ్యశ్రీ పరిధిలోకి వస్తాయి.

ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను కడిగేసే మందు లేదు. మంచినీళ్లకు మారితే ఎముక తన సహజ మార్పిడిలో కొద్దికొద్దిగా దాన్ని వదులుతుంది, కానీ అందుకు ఏళ్లు పడుతుంది. ఎముకగా మారిన పట్టీ మళ్లీ మెత్తబడదు. అందుకే వెన్నుపాము నలుగుతున్నప్పుడు మిగిలిన దారి ఆపరేషనే. వెన్నుపూస వెనకవైపు పలకలను తీసి కాలువను వెడల్పు చేస్తారు, దీన్ని లామినెక్టమీ అంటారు. ఫ్లోరోసిస్ ఎముక మామూలు పరికరాలకు లొంగదు. వేగంగా తిరిగే డ్రిల్లుతో, నీళ్లు చిమ్ముతూ పొరపొరగా అరగదీయాలి. ఎముకైన పట్టీ వెన్నుపాము పైపొరకు అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి పొర చిరిగి లోపలి ద్రవం కారే ప్రమాదం ఉంది. ఒకచోట కాలువ తెరిచాక కొన్నేళ్లకు మరోచోట ఇరుకు కావచ్చు. ఇంత కష్టమున్నా, నడక పూర్తిగా పోకముందు చేయించుకున్నవారిలో మెరుగుదల కనబడుతుంది, మిగతావారిలో కనీసం జబ్బు ముందుకు పోవడం ఆగవచ్చు. ఎంతకాలంగా నలిగిందనేదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఆపరేషన్ అంటే ఉన్న కాళ్లు కూడా పోతాయన్న భయం పల్లెల్లో బలంగా ఉంది. చాలామంది విషయంలో కాళ్లు పోయింది ఆలస్యం వల్ల.

ఆపరేషన్ తర్వాత ఫిజియోథెరపీ నెలల తరబడి సాగాలి. మంచాన పడ్డవారికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిల్లించాలి, మూత్రం నిలిచిపోయేవారికి గొట్టం శుభ్రత ముఖ్యం. ఇలాంటి రోగుల్లో చాలామంది ప్రాణాలు పోయేది పుండ్ల వల్ల, మూత్రనాళ ఇన్ఫెక్షన్ల వల్ల, ఈ రెండింటినీ ఇంటివాళ్లు ఆపగలరు. నడక దెబ్బతిన్నవారు సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రానికి అర్హులు, పింఛనుకు అదే ఆధారం.

తిండి జబ్బును నయం చేయదు, దాని వేగాన్ని తగ్గించగలదు. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరల్లోని కాల్షియం పేగుల్లోనే ఫ్లోరైడ్‌ను పట్టి కొంత బయటికి పంపుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడిపిల్లలకు రోజూ పది గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది, 2002లో దీన్ని ప్రకటించారు. చిన్న ప్రయోగమే అయినా పచ్చిపులుసు ఇష్టంగా తినే ప్రాంతానికి పనికొచ్చే కబురు. నల్ల ఉప్పు, ఎక్కువ టీ మాత్రం ఫ్లోరైడ్‌ను పెంచేవే. ఇదే సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో నల్లగొండ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగే ఫ్లోరోసిస్ రూపాన్ని గుర్తించారు. నాగార్జునసాగర్ వచ్చాక భూగర్భ జలం, నేల మారడం, జొన్నలో మాలిబ్డినం పెరగడం, ఒంట్లో రాగి తగ్గడం దీనికి కారణాలుగా వాళ్లు సూచించారు.

నీటి విషయంలో తెలుగు జిల్లాల అనుభవం ప్రపంచానికి ఒక పద్ధతినే ఇచ్చింది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించిన నల్లగొండ విధానంలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి కలియదిప్పి, అడుగున చేరిన మడ్డితో పాటు ఫ్లోరైడ్‌ను తీసేస్తారు. ఆఫ్రికా దేశాలు కూడా దీన్ని వాడాయి. కానీ రోజూ మోతాదు కొలవడం, మడ్డి పారబోయడం ఇళ్లలో, పంచాయతీల్లో నిలకడగా సాగలేదు. జనం నదీజలాల కోసం పోరాడారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ స్థానంలో 480 మంది పోటీకి దిగితే బ్యాలట్‌ను పుస్తకంగా అచ్చువేయాల్సి వచ్చింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా కృష్ణా, గోదావరి నీళ్లు ఇంటింటికీ చేరాక, 2020 నాటికి తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు లేవని కేంద్రం ప్రకటించింది. ఇది పెద్ద విజయం, కొత్త తరం పళ్లలో అది కనబడుతుంది.

అయితే ఆ లెక్క ఊరికి వచ్చే నీటిది. 1980ల్లో, 90ల్లో బోరింగు నీళ్లు తాగినవారి ఎముకల్లో ఆ నీళ్లు ఇంకా ఉన్నాయి, వాళ్లలో చాలామంది ఇప్పుడు నలభై నుంచి డెబ్బై ఏళ్ల మధ్య ఉన్నారు. వెన్నుపాము జబ్బు బయటపడే వయసు అదే. కాబట్టి నల్లా వచ్చిన ఊళ్లోనూ మరో పాతికేళ్ల పాటు ఈ రోగులు ఆసుపత్రికి వస్తూనే ఉంటారు. ఆశా కార్యకర్త ఇంటింటి సర్వేలో బీపీ, షుగర్‌తో పాటు చెప్పు జారుతోందా, మూత్రం పట్టు తప్పుతోందా అని అడగడానికి అదనంగా పట్టేది రెండు నిమిషాలు.

ఇంట్లో నల్లా ఉన్నా పొలంలో తాగేది బోరు నీళ్లే. నాట్లకు, కలుపుకు, పత్తి తీతకు వెళ్లినవారు ఎండాకాలపు రోజులో ఎక్కువ నీళ్లు తాగేది అక్కడే, ఆ వ్యవసాయ బోర్లను పరీక్షించే ఏర్పాటు చాలాచోట్ల లేదు. ఇంటి నుంచి నీళ్ల సీసా తీసుకెళ్లడం దీనికి తక్షణ మందు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన మేర చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, వడపోత గుడ్డ, క్లోరిన్ బిళ్ల కూడా దాన్ని తీయలేవు. ఆర్‌ఓ యంత్రం, యాక్టివేటెడ్ అల్యూమినా వడపోత తీయగలవు, వాటి పొరను, పొడిని గడువులోపు మారిస్తేనే. బోరు నీటి నమూనాను శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు ఇస్తే ఫ్లోరైడ్ ఎంత ఉందో తేలుతుంది. వానాకాలంలో పట్టిన నమూనా, ఏప్రిల్‌లో పట్టిన నమూనా ఒకే అంకె చూపవు, కాబట్టి ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేయించాలి.